కంప అడ్డం వేసిన ఇల్లు

ఒక ఇంట్లో మనుషులున్నారో లేదో తెలుసుకోవాలంటే తలుపు కొట్టడమంత పనికిమాలిన పద్ధతి ఇంకొకటి లేదు. లోపల ఉన్నవాళ్లు పలకరు. లేనివాళ్ల తరఫున పక్కింటివాళ్లు పలుకుతారు. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో తెనాలి, రేపల్లె, బాపట్ల ఊళ్లలో మూతపడ్డ ఇళ్లెన్ని, వచ్చిపోయేవాళ్లకు రోజు లెక్కన అద్దెకిచ్చే ఇళ్లెన్ని అని లెక్క తీసే పనిలో నేను కొంతకాలం తిరిగాను. అది కాంట్రాక్టు ఉద్యోగం. ఆ లెక్క ఎవరికి కావాలో, ఎందుకు కావాలో నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. తెనాలిలో ఇంట్లో కూర్చుని పొద్దస్తమానం మా అత్తగారితో మాటకి మాట అనుకోవడం కంటే ఎండలో తిరగడమే నయమనిపించింది. నా నోరు అలాంటిది. మా ఆయన కూడా "వెళ్లు, నీకూ మంచిదే, మాకూ మంచిదే" అన్నాడు.

తిరగ్గా తిరగ్గా కొన్ని కిటుకులు పట్టుబడ్డాయి. అప్పటి కరెంటు మీటర్లలో అద్దం వెనకాల చిన్న చక్రం తిరుగుతూ ఉండేది. అది కదులుతుంటే లోపల మనుషులున్నట్టే. బట్టల తీగ మీద క్లిప్పులు, కుళాయి కింద తడి, గేటు గడియ మీద తుప్పు, ఇవన్నీ చూసుకోవాలి. ముగ్గును మాత్రం నమ్మకూడదు. పక్కింటి పనిమనిషి చేతి అలవాటుకొద్దీ రెండు గుమ్మాల్లోనూ వేసేసి పోతుంది. చావు జరిగి ఏడాది తిరగని ఇంట్లో నిండా మనుషులున్నా గుమ్మంలో ముగ్గు ఉండదు. ఇక ఎవరిని అడిగినా 'ఖాళీ' అనే మాట నోటితో అనరు. "ఖాళీ ఏంటమ్మా అశుభం, తాళం వేసుంది అనరాదూ" అని తెనాలిలో ఒక పెద్దావిడ నన్ను కసిరింది.

రేపల్లెకు పొద్దున్నే పాసింజరులో వెళ్లేదాన్ని. రైలుకట్టకు దగ్గరగా ఉన్న ఒక వీధిలో, పచ్చరంగు తలుపుల ఇల్లొకటి కనిపించింది. చిన్నదే, పెంకుటిల్లు, ముందు అరుగు. మీటరు చక్రం కదలడం లేదు. తాళం మాత్రం తుప్పు పట్టలేదు. గుమ్మానికి అడ్డంగా ఎండిపోయిన తుమ్మకంప పడేసి ఉంది. ఏ పశువో రాకుండా వేశారేమో అనుకుని కంప పక్కకు లాగబోయాను.

"ఆ గుమ్మం తొక్కకమ్మాయ్," అని పక్కింటి గోడ మీంచి ఒక గొంతు వినిపించింది. యాభై ఏళ్ల పిన్నిగారు, చేతిలో చెంబు. "ఆ ఇల్లు పాడుపెట్టారు."

పాడుపెట్టడమంటే ఏంటో నాకు తెలుసు. మా ఇళ్లల్లోనూ ఉంది. మనిషి పోయిన ఘడియలో చెడ్డ నక్షత్రం ఉంటే ఆ ఇల్లు కొన్నాళ్లు వదిలి వెళ్లాలి. దీపం పెట్టకూడదు, పొయ్యి వెలిగించకూడదు. గుమ్మానికి కంప అడ్డం వేసి, గడువు తీరాక శాంతి చేయించుకుని మళ్లీ పాలు పొంగించుకుని రావాలి. కొన్ని నక్షత్రాలకు రెండు నెలలు, కొన్నిటికి మూడు. ధనిష్ఠకయితే ఆర్నెల్లు. ఆ ఇంటాయన ధనిష్ఠలో పోయాడని పిన్నిగారు చెప్పింది. స్టేషన్ రోడ్డులో జిరాక్స్ కొట్టు ఉండేదట. ఉన్నట్టుండి గుండెనొప్పి వచ్చిందట. ఇక్కడి డాక్టరు చూసి తిన్నగా గుంటూరు తీసుకెళ్లమంటే కారు మాట్లాడుకుని వెళ్లారట. అక్కడ పెద్దాసుపత్రిలో ప్రాణం పోయింది.

"ఆవిడ, ఒక కూతురు. పిల్లను తెనాలిలో కాలేజీ హాస్టల్లో పడేశారు. ఆవిడ ఎక్కడుందో నాకూ సరిగ్గా తెలియదమ్మాయ్, బాపట్ల వైపు అన్నారు," అంటూ పిన్నిగారు గోడ మీంచి వంగి అరుగు చివర కుండీలోని మల్లెమొక్కకు చెంబెడు నీళ్లు పోసింది. గుమ్మం తొక్కకుండా ఆవిడ చేయగలిగిన సాయం అదీ.

ఆ ఇంటిని నా ఫారంలో ఏ గడిలో వెయ్యాలో నాకు తెలియలేదు. మా సూపర్వైజరు మంచివాడే, గానీ తొందర మనిషి. "ఎవరూ లేరు కదా మేడం, ఖాళీ అని వేసెయ్యండి," అన్నాడు.

"సామానంతా లోపలే ఉంది సార్. వాళ్లు వెళ్లలేదు, పంచాంగం తోలేసింది."

"పంచాంగానికి గడి లేదు కదండి," అన్నాడాయన.

నిజమే, లేదు. ఖాళీ అనే వేశాను. ఆ సాయంత్రం రైల్లో కూడా నా కోపం తగ్గలేదు. పోయినవాడు పోయాడు, ఉన్నవాళ్లను వీధిన పడేసే శాస్త్రమేంటని మా అత్తగారి మీద విరుచుకుపడ్డాను. ఆవిడ తాపీగా చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ, "శాస్త్రం నేను రాయలేదే తల్లీ," అంది.

తర్వాత బాపట్ల వంతు వచ్చింది. సముద్రం దారిలో ఇళ్లు కట్టినవాళ్లు శని ఆదివారాలు వాటిని గుంటూరు, హైదరాబాదు నుంచి వచ్చే సరదా మనుషులకు రోజు లెక్కన ఇస్తుండేవారు. అడిగితే ఒక్కరూ ఒప్పుకోరు. "అద్దేంటండి, మా చుట్టాలు," అంటారు. వారం వారం కొత్త చుట్టాలు, కొత్త కార్లు. ఇంత బలగం ఉన్న ఊరు నేనెక్కడా చూడలేదు. అందుకని ఒక్కో ఇంటికి మామూలు రోజు ఒకసారి, ఆదివారం ఒకసారి వెళ్లి చూడమని మాకు చెప్పారు.

దాచకుండా చెప్పినవాడు ఒక సాయిబుగారే. ఊళ్లో కాగితాల వ్యాపారం ఆయనది. "ఇస్తానమ్మా, ఎందుకు అబద్ధం. శని ఆదివారాలు పార్టీలకిస్తాను. మిగతా రోజులు ఒకావిడ ఉంటుంది, వెళ్లి చూసుకో," అన్నాడు.

వెళ్లాను. సర్వీ చెట్ల తోపు పక్కన రెండు గదుల డాబా. తలుపు తీసినావిడకు నలభై ఏళ్లుంటాయి. నుదుట బొట్టు లేదు. చేతిలో చీపురు ఉంది.

"ఇక్కడ ఎవరుంటారక్కా?" అని అడిగాను.

"ఎవరూ ఉండరమ్మా."

"మరి మీరు?"

"నేనా," అని కాస్త ఆలోచించింది. "నాది ఉండటం కాదులే."

సొంతూరు ఏదని అడిగితే రేపల్లె అంది. రేపల్లెలో ఎక్కడంటే రైలుకట్ట పక్కన అంది. "కంప వేసిన ఇల్లా," అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆవిడ బాధపడలేదు. నా చెయ్యి పట్టుకుని లోపల కూర్చోబెట్టి ముందు అడిగిన మాట ఇది: "అరుగు మీద మల్లెమొక్క బతికుందా అమ్మా?"

పక్కింటి పిన్నిగారు నీళ్లు పోస్తోందని చెప్పాను. ఆ మాటకే ఆవిడ కళ్లు నీళ్లతో నిండాయి.

అప్పుడు తన సంగతి చెప్పింది. అన్నగారింట్లో కొడుక్కి పెళ్లి ముహూర్తం పెట్టుకున్నారు. భర్త పోయి ఏడాది తిరగని మనిషి ఆ ఇంట్లో ఎలా ఉంటుంది? అన్న పొమ్మనలేదు, వదిన రమ్మనలేదు. రేపల్లెలో అద్దెకు అడిగితే, ఇల్లు పాడుపెట్టి వచ్చినవాళ్లకు ఇల్లిస్తే ఆ పీడ మా ఇంటికి చుట్టుకుంటుందన్నారు. తెనాలిలోనూ అదే మాట. నక్షత్రం పేరు చెప్పకుండా అడగమని ఎవరో సలహా ఇచ్చారట. ఆవిడకు అబద్ధం నోట రాలేదు. భర్త కొట్టుకు కాగితం వేసే సాయిబుగారు పరామర్శకు వచ్చి విషయం విని, "మాకీ నక్షత్రాలు లేవమ్మా. సముద్రం దగ్గర ఇల్లుంది, ఊడ్చుకుని ఉండు," అన్నాడట.

"దేవుడిలాంటి మనిషి," అంది. నేనూ అవునన్నాను. శని ఆదివారాల సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

ఆదివారం మళ్లీ వెళ్లాను. ఇంటి ముందు రెండు కార్లున్నాయి. లోపల పాటలు హోరెత్తుతున్నాయి. వరండా నిండా చెప్పులు. ఆవిడ ఇంటి వెనకవైపు, ప్రహరీ గోడ నీడలో, బట్టల మూట పక్కన పెట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. వాళ్లు వెళ్లేదాకా అక్కడే ఉంటుందట. వంట గది వాళ్లదే, స్నానాల గది వాళ్లదే. పొద్దున ఇంత పులిహోర కలిపి గిన్నెలో పెట్టుకుంది.

"మరి బాత్రూముకు వెళ్లాలంటే?"

"ఆటో ఎక్కి స్టేషనుకు వెళ్లొస్తాను."

"వాన వస్తే?"

"వరండా ఉందిగా," అంది. ఆ వరండా నిండా ఎవరెవరివో చెప్పులున్నాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. సాయిబుగారి మీద కాదు, ఆయనా బతకాలి. అరిచేందుకు ఎదురుగా ఎవరూ దొరక్క ఆవిడ మీదే అరిచాను. "మీ ఆయన పోయింది ఆసుపత్రిలో కదక్కా. ఇల్లేం చేసింది? ఆసుపత్రిని పాడుపెట్టమనండి ఆర్నెల్లు. అడిగేవాళ్లు లేక ఆడించారు మిమ్మల్ని."

"అడిగాను. మనిషిని ఇంటికి తెచ్చారు కదా, ఆ గుమ్మంలోంచే సాగనంపారు కదా, దోషం ఇంటికే అన్నారు మా బావగారు. మా మంచికే అన్నార్లే."

"ఆ మాయదారి నక్షత్రం ఎప్పుడొచ్చిందట?"

"మేం దారిలో ఉండగానే. శ్రవణం వెళ్లి ధనిష్ఠ వచ్చిందట. డాక్టరు చూసి పోయారని చెప్పిన టైముకు ధనిష్ఠ వచ్చేసింది. ఆసుపత్రి కాగితంలో ఆ టైమే ఉంది. సిద్ధాంతిగారు దాన్నిబట్టే కట్టారు."

"అంటే ఒక గంట ముందు పోయుంటే మీరు మీ ఇంట్లోనే ఉండేవాళ్లు," అన్నాను. వెటకారంగానే అన్నాను. ఆవిడను కాదు, ఆ లెక్కను వెక్కిరించాను.

ఆవిడ చీర అంచుకు అంటిన ఇసుక దులుపుకుంటూ కూర్చుంది. తర్వాత తల ఎత్తకుండానే అంది. "ముందే పోయారమ్మా."

నాకు అర్థం కాలేదు.

"వేమూరు దాటగానే పోయారు. తల నా ఒళ్లోనే ఉంది. నాకు తెలిసిపోయింది. చెయ్యి గుండె మీదే పెట్టుకుని ఉన్నాగా."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే కారు ఆపేస్తారు. ఆపేస్తే అయిపోయినట్టే కదా. గుంటూరు చేరేదాకా అయిపోలేదు అనుకుందామనుకున్నాను. ఇంకోటి ఏంటంటే, పాప ఉంది. కాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల నాన్నతో మాట్లాడుతోంది. నాన్నా తెనాలి వచ్చాం, గేటు పడింది, రైలు వెళ్లిపోతే తీసేస్తారు. నాన్నా జాగర్లమూడి దాటాం. నాన్నా ఇంకెంతో దూరం లేదు, ఓర్చుకో. దారంతా అదే పాట. నేను ఎలా చెప్పను?"

తెనాలిలో ఆ గేటు నాకు తెలుసు. రోజూ దాటే గేటే. పడిందంటే గూడ్సు బండి వెళ్లేదాకా లేవదు. కారులో పోయిన మనిషి, ఆయన కాళ్ల దగ్గర కూతురు, తల దగ్గర భార్య, చుట్టూ సైకిళ్లు, లారీలు, జామకాయలమ్మే బుట్టలు.

కాసేపటికి నా బుద్ధి మళ్లీ పైకి లేచింది. "అయితే ఇప్పుడు చెప్పండక్కా. ఆ సిద్ధాంతిగారికి అసలు టైము చెప్పండి. శ్రవణానికి ఏ దోషం లేదు కదా. రేపు పొద్దున మీ తాళం మీరు తీసుకోవచ్చు. మీకు మొహమాటమైతే నేను చెప్తాను."

ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. "నీకు దణ్ణం పెడతాను, ఆ మాట ఎక్కడా అనొద్దు. వచ్చినవాళ్లందరికీ పాప ఏం చెప్పిందో తెలుసా? నాన్న చివరిదాకా నా మాట వింటూనే ఉన్నాడు అని. దానికి అదొక్కటే మిగిలింది. ఇల్లు ఎప్పటికైనా వస్తుందమ్మా. అది పోగొట్టి మళ్లీ నేను తెచ్చివ్వగలనా?"

ఆవిడ పక్కన ఇసుకలో కూర్చున్నాను. లోపల ఎవరో తలుపు తీసి, "ఇదిగో అమ్మా, బకెట్ నీళ్లు కావాలి," అని కేకేశారు. ఆవిడ లేచి వెళ్లి తోడి ఇచ్చి వచ్చి మళ్లీ కూర్చుంది.

కూతురు వచ్చింది అప్పుడే. ఇంటర్ చదివే పిల్ల, సన్నగా, రెండు జడలతో, చేతిలో సంచి. హాస్టల్లో పర్మిషన్ తీసుకుని, తల్లికి చెప్పకుండా తెనాలిలో రైలెక్కి వచ్చింది. సాయిబుగారింట్లో వాళ్లతో కలిసి ఉంటున్నాను, నాకేం లోటు లేదు అని ఆవిడ ఫోన్లో చెబుతూ వచ్చిందట. పిల్ల గోడ మలుపు తిరిగి తల్లిని చూసింది. మూటను చూసింది. పాటలు వస్తున్న కిటికీ వైపు చూసింది.

ఆవిడ గబగబా లేచి నిలబడి, "గాలికి ఇట్లా బయట కూర్చున్నామే. ఈ అక్క సర్వేకొచ్చింది. తిన్నావా?" అంది.

పిల్ల వంగి మూట భుజానికి ఎత్తుకుంది. "పద, ఇంటికి పోదాం."

"ఇంటికేంటే, ఇంకా గడువు ఉంది కదా."

"లేదమ్మా. మనకి గడువే లేదు," అంది పిల్ల. "నాన్న గుంటూరులో పోలేదు. వేమూరు దాటాక పోయాడు. కాళ్లు నా చేతుల్లో ఉన్నాయి, చల్లబడిపోయాయి. రుద్దుతున్నా వెచ్చబడలేదు. నాకు తెలుసు. ఇప్పుడే వెళ్లి పెదనాన్నకూ చెప్తాను, సిద్ధాంతిగారికీ చెప్తాను. నీకు చెప్పకుండా ఇన్నాళ్లు దాచినందుకు తిడితే తిట్టు."

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. సిద్ధాంతిగారు మళ్లీ లెక్క కట్టారని, బావగారు కాసేపు గొణిగి ఒప్పుకున్నారని, కంప తీసి తలుపులు తెరిచారని పక్కింటి పిన్నిగారు నాకు చెప్పింది. నేను మా సూపర్వైజరును పోరి పోరి ఆ ఇంటిని ఖాళీల లెక్కలోంచి తీయించాను. "ఒక్క ఇంటికి ఇంత పేచీ ఏంటండి మేడం," అన్నాడాయన. సముద్రం దారిలోని డాబాను వచ్చిపోయేవాళ్లకిచ్చే ఇల్లనే వేసుకున్నాం. అదీ నిజమే. లెక్క లెక్కగానే పైకి పోయింది.

నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ ఆదివారం, ఆ గోడ పక్కన ఇద్దరూ నిలబడ్డ తీరు. తల్లి పిల్ల ముఖం అలాగే చూస్తూ నిలబడింది. నాకూ తెలుసు అని ఆవిడ చెబుతుందేమో అనుకున్నాను. చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకపోయింది, ఆ ముఖం చూస్తే పిల్లకే అర్థమైపోయింది.

"మరి గుంటూరు దాకా మాట్లాడుతూనే ఉన్నావు కదే," అంది ఆవిడ చివరికి. "పోయాడని తెలిసి కూడా. ఎవరితో మాట్లాడావే అంతసేపు?"

"నీతోనేనమ్మా," అంది పిల్ల.